ఇద్దరికీ కనిపించని తప్పు

సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్ పనిలో ఒక చిక్కుంది. డాక్టరు మాట బధిర రోగికి వినపడదు. ఇంటర్‌ప్రెటర్ చేతులతో చెప్పింది డాక్టరుకు తెలియదు. నడుమ ఏదైనా జారిపోతే పట్టుకునే మనిషి ఆ గదిలో ఉండరు. రోగికి ఎక్కడో తేడా కొట్టవచ్చు. అసలు మాటే తెలియనప్పుడు దేనితో పోల్చి చూసుకుంటాడు? పోనీ ఇంటర్‌ప్రెటరే తన తప్పు తాను దిద్దుకుంటారులే అనుకుందామంటే, పరిశోధనలు ఆ ధీమా ఇవ్వడం లేదు. అలసటకూ తప్పులకూ ఉన్న లంకెను బార్బరా బ్రాసెల్ 1976లోనే సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్ల మీద పరిశీలించి, అరగంట దాటితే తప్పులు పెరుగుతాయని తేల్చారు. మాట్లాడే భాషల కాన్ఫరెన్స్ ఇంటర్‌ప్రెటర్లతో బార్బరా మోజర్-మెర్సర్ బృందం 1998లో ప్రచురించిన చిన్న ప్రయోగం మరో సంగతి బయటపెట్టింది. నాణ్యత పడిపోతున్న విషయం ఆ పని చేస్తున్నవాళ్లకే తెలియడం లేదు.

కాబట్టి తప్పు పట్టగలిగేది రెండు వైపులా ఏం జరుగుతోందో చూడగల ఇంకో మనిషే. ఆ మనిషి తోటి ఇంటర్‌ప్రెటర్ కావచ్చు, రెండు భాషల్లోనూ ఆరితేరిన బధిరుడు కావచ్చు. ఇంటర్‌ప్రెటర్లు ఒకరికొకరు మెంటర్లుగా ఉండటం గురించి గత మూడు నాలుగు దశాబ్దాలుగా సాగుతున్న చర్చంతా అసలు ఈ చిక్కు దగ్గరే మొదలవ్వాలి. కానీ చాలాసార్లు అది కొత్తవాళ్లకు ధైర్యం చెప్పడం, అనుభవం పంచుకోవడం దగ్గరే ఆగిపోతుంది. ధైర్యం చెప్పడం మంచిదే. దానికి ఎవరైనా చాలు. మిగతా పనికి ఎవరు పడితే వారు చాలరు.

2013 డిసెంబరు 10న జొహానెస్‌బర్గ్‌లో నెల్సన్ మండేలా సంస్మరణ సభ జరిగింది. దేశాధినేతల పక్కన ఇంటర్‌ప్రెటర్‌గా నిలబడి ఒకాయన సభ పొడవునా చేతులు ఆడించాడు. నిర్వాహకులకు అనుమానమే రాలేదు. అవి సంజ్ఞలే కావని టీవీ ముందున్న బధిరులు ఇట్టే పట్టేశారు. బధిరురాలైన పార్లమెంటు సభ్యురాలు విల్మా న్యూహౌట్-డ్రూకెన్ సభ నడుస్తుండగానే ట్విటర్‌లో ఆ మాట రాశారు. అది పచ్చి మోసం, పైగా ప్రపంచమంతా చూస్తున్న వేదిక. అందుకే బయటపడింది. జిల్లా ఆసుపత్రిలో నాలుగు వాక్యాలకు ఒకటి వదిలేసే మామూలు పని అలా బయటపడదు.

ఈ వృత్తి చరిత్ర అన్నిటికంటే వివరంగా రికార్డయింది అమెరికాలో. 1964 జూన్‌లో ఇండియానా రాష్ట్రం మన్సీలోని బాల్ స్టేట్ టీచర్స్ కాలేజీలో జరిగిన సమావేశంలో ఇంటర్‌ప్రెటర్ల రిజిస్ట్రీ ‘ఆర్ఐడీ’ పుట్టింది. అంతకుముందు ఇది ఉద్యోగం కాదు. బధిర తల్లిదండ్రుల పిల్లలు, బడి పంతుళ్లు, చర్చి పాస్టర్లు అవసరం పడ్డప్పుడు చేసే సాయం. సంజ్ఞలకు వ్యాకరణం ఉందని, అది అసలు సిసలైన భాషేనని బధిరుల కాలేజీ గాలొడెట్‌లో పనిచేసే విలియం స్టోకీ పుస్తకం వేసిందే 1960లో. అప్పట్లో ఫలానా మనిషి మనకు పనికొస్తాడని తేల్చేది బధిరులే. వాళ్ల క్లబ్బుల్లో, ఇళ్లలో ఏళ్ల తరబడి తిరిగితే భాష వచ్చేది. ఎక్కడ నోరు మెదపాలో, ఎక్కడ మెదపకూడదో కూడా అక్కడే తెలిసేది. ఎవరూ ఆ పేరు పెట్టలేదు గానీ, మెంటరింగ్ అంటే అదే.

తర్వాత చట్టాలు వచ్చాయి. 1965 పునరావాస చట్ట సవరణ, 1973 పునరావాస చట్టంలో సెక్షన్ 504, 1975లో వికలాంగ పిల్లల విద్యా చట్టం, 1990లో వికలాంగుల హక్కుల చట్టం ‘ఏడీఏ’. ఒక్కో చట్టంతో ఇంటర్‌ప్రెటర్ల గిరాకీ పెరిగింది, గిరాకీతో పాటు కాలేజీ కోర్సులూ పుట్టుకొచ్చాయి. బధిరుల ఇంట్లో ఒక్క పూట భోజనం చేయని విద్యార్థి కూడా తరగతి గదిలో భాష నేర్చుకుని సర్టిఫికెట్ పట్టుకుని బయటికి రాగలిగాడు. ఇంటర్‌ప్రెటింగ్ పరిశోధకుడు డెనిస్ కోక్లీ 2005లో రాసిన వ్యాసంలో ఈ మలుపునే పట్టుకున్నారు. ఇంటర్‌ప్రెటర్‌ను ఎంచుకునే అధికారం బధిర సమాజం చేతిలోంచి విద్యాసంస్థల చేతికి, సర్టిఫికెట్ ఇచ్చే సంస్థల చేతికి పోయిందన్నది ఆయన వాదన. అదే ఏడాది ఆనా విటర్-మెరిథ్యూ, లైలానీ జాన్సన్ కలిసి వేసిన పుస్తకం రెండో చివర నుంచి అదే ఖాళీని చూపించింది. కోర్సు ముగించిన మనిషికీ, పనికి సిద్ధమైన మనిషికీ మధ్య చాలా దూరం ఉందని వాళ్లు చెప్పారు. 2012 నుంచి ఆర్ఐడీ పరీక్ష రాయాలంటే వినికిడి ఉన్న అభ్యర్థులకు డిగ్రీ తప్పనిసరి చేశారు. డిగ్రీ మంచిదే, ఆ దూరం మాత్రం డిగ్రీతో తీరేది కాదు. మెంటరింగ్ పథకాలన్నీ ఆ దూరాన్ని పూడ్చడానికి పెట్టినవే. బధిర సమాజం ఊరికే చేసిపెట్టిన పనిని వృత్తి ఇప్పుడు డబ్బు పెట్టి తిరిగి కట్టుకుంటోంది అన్నా తప్పులేదు.

ఎలా కట్టుకోవాలన్నదాంట్లో రెండు దారులు కనిపిస్తాయి.

మొదటిది భాషా నైపుణ్యాన్ని పరీక్షించే దారి. ఇంటర్‌ప్రెటర్ పనిని వీడియో తీసి, మెంటర్ పక్కన కూర్చుని, ఏం జారింది, ఏం అదనంగా చేరింది, ఎక్కడ అర్థం మారింది అని గుర్తులు పెడతాడు. వేళ్లతో అక్షరాలు చెప్పడం స్పష్టంగా ఉందా, ఒక మనిషిని ఎడమ పక్క నిలబెట్టి రెండు నిమిషాల తర్వాత పొరపాటున కుడి పక్కకు మార్చాడా, ప్రశ్న అడిగేటప్పుడు కనుబొమలు పనిచేశాయా అన్నవి చూస్తాడు. ఈ దారిలో గట్టి ఫలితాలే వచ్చాయి. కోక్లీ 1986లో కొద్దిమంది ఇంటర్‌ప్రెటర్ల పనిని విడగొట్టి చూశారు. వక్తకు రెండు సెకన్లు వెనకగా నడిచినవాళ్ల తప్పులు, నాలుగు సెకన్లు ఆగి నడిచినవాళ్ల తప్పుల కంటే రెట్టింపుకు పైగా తేలాయి. వక్త వెంటే పరుగెత్తడం నైపుణ్యం కాదన్నమాట. బళ్లలో పనిచేసే ఇంటర్‌ప్రెటర్ల కోసం బ్రెండా షిక్, కెవిన్ విలియమ్స్ తయారుచేసిన ఈఐపీఏ కొలమానం కూడా ఈ కోవదే. సున్నా నుంచి 5 దాకా మార్కులుంటాయి. చాలా అమెరికన్ రాష్ట్రాలు 3.5 లేదా 4 వస్తేనే తరగతి గదిలోకి రానిస్తున్నాయి. బడి ఇంటర్‌ప్రెటర్ అందరికంటే ఒంటరి. ఊరి బడిలో ఒకే బధిర పిల్ల, ఒకే ఇంటర్‌ప్రెటర్. ఆ పిల్లకు తెలిసిన భాషంతా ఆ ఒక్క మనిషి చేతుల మీదుగా వచ్చిందే. ఆ భాషలో లోపముంటే ఎంచి చూపించే వయసూ ఆ పిల్లకు లేదు, తెలివిడీ లేదు. వీడియో ద్వారా దూరం నుంచి మెంటరింగ్ ముందుగా అక్కరకు రావాల్సింది ఇలాంటి బళ్లకే.

రెండో దారి రాబిన్ డీన్, రాబర్ట్ పొలార్డ్ వేసింది. డీన్ ఇంటర్‌ప్రెటర్, పొలార్డ్ మనస్తత్వవేత్త. ఇద్దరూ రాచెస్టర్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. రాబర్ట్ కారాసెక్ 1979లో ఉద్యోగ ఒత్తిడి గురించి చెప్పిన సిద్ధాంతాన్ని తీసుకుని, 2001లో దాన్ని ఇంటర్‌ప్రెటింగ్‌కు అన్వయించారు. పని మన మీద పెట్టే భారాలు ఒక వైపు, వాటిని ఎదుర్కోవడానికి మన చేతిలో ఉన్న ఉపాయాలు ఇంకో వైపు. భారాలను నాలుగు రకాలుగా విడదీశారు. చోటుకు సంబంధించినవి, మనుషుల మధ్య నడిచేవి, మాట లేదా సంజ్ఞ బయటికి వచ్చే తీరుకు సంబంధించినవి, ఇంటర్‌ప్రెటర్ లోపల జరిగేవి. ఉపాయాలను పనికి ముందు, పనిలో, పని తర్వాత అని మూడు వేళల్లో వెతకమన్నారు.

ఇది కాగితం మీద పొడిగా అనిపిస్తుంది. ఒక సందర్భం తీసుకుంటే ప్రాణం వస్తుంది. తెలుగు జిల్లా కోర్టు ఒకటి ఊహించుకోండి. బోనులో బధిర సాక్షి. వకీలు అడుగుతాడు: “ఆ రోజు నువ్వు పొలానికి వెళ్లలేదు కదా?” సాక్షి తల ఊపుతాడు. ఇంటర్‌ప్రెటర్ “అవును” అంటే తెలుగులో వెళ్లలేదనే అర్థం. అదే మాట రికార్డులో ఇంగ్లిష్ ‘యెస్’గా ఎక్కితే, వెళ్లానన్నాడనీ చదవొచ్చు, వెళ్లలేదన్నాడనీ చదవొచ్చు. అసలు ఆ తల ఊపడం జవాబేనా? “ఊఁ, అర్థమవుతోంది, చెప్పండి” అన్నట్టు బధిరులు సంజ్ఞలు చూస్తూ తల ఊపడమూ ఉంది. ఈ ముక్కను నలుగురు ఇంటర్‌ప్రెటర్ల ముందు పెడితే నాలుగు రకాల భారాలూ బయటికి వస్తాయి. బోనుకూ ఇంటర్‌ప్రెటర్‌కూ మధ్య దూరం. వకీలు విసుగు, సాక్షి భయం. భయంతో సాక్షి చేతులు ఛాతీ దగ్గరే ముడుచుకుపోవడం. పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టని ఇంటర్‌ప్రెటర్ ఆకలి, “ఇంకోసారి ఆపితే జడ్జిగారు ఏమంటారో” అన్న బెరుకు. ఇక ఉపాయాలు. వ్యతిరేకార్థంలో ప్రశ్నలడిగితే గందరగోళం వస్తుందని వాయిదాకు ముందే వకీళ్లకు చెప్పి ఉండొచ్చు. అక్కడికక్కడ “జవాబు రెండు రకాలుగా ఉంది, మళ్లీ అడగడానికి అనుమతివ్వండి” అనొచ్చు. “అవును” అనే బదులు “వెళ్లలేదు” అని పూర్తి వాక్యంలో చెప్పొచ్చు, అయితే అర్థం ఖాయమయ్యాకే. బయటికొచ్చాక అనుమానం వస్తే కోర్టుకు తెలియజేయొచ్చు. వీటిలో ఏదీ సంజ్ఞల పుస్తకంలో ఉండదు. ఇంకొకరు అడిగితే తప్ప తనకు ఇన్ని దారులున్నాయని ఆ ఇంటర్‌ప్రెటర్‌కూ తోచదు.

డీన్, పొలార్డ్ చెప్పిన వాటిలో నాకు బాగా నచ్చింది, నిర్ణయాలను తప్పొప్పుల గళ్లలో పెట్టకపోవడం. అతిగా ముడుచుకుపోవడం ఒక కొస, అతిగా చొరబడటం ఇంకో కొస, మధ్యలో పనికొచ్చే నిర్ణయాలు చాలా. కొత్తవాళ్లు “నియమం ఒప్పుకోదు” అంటూ ముడుచుకుపోయే జబ్బుకు ఇది మందు. వైద్యులు కేసులు చర్చించుకున్నట్టు ఇంటర్‌ప్రెటర్లు కూడా గుంపుగా కూర్చుని కేసు చర్చలు చేయాలన్నది వాళ్ల వాదన. వైద్యులు, సామాజిక కార్యకర్తలు, మనస్తత్వవేత్తలు అందరూ గోప్యత పాటిస్తూనే కేసు మీద మాట్లాడుకుంటారు. ఇంటర్‌ప్రెటర్లు మాత్రం గోప్యత అంటే నోరు కుట్టేసుకోవడమే అనుకున్నారు. 2005లో అమెరికా బధిరుల జాతీయ సంఘం, ఆర్ఐడీ కలిసి తెచ్చిన ప్రవర్తనా నియమావళిలో మొట్టమొదటి సూత్రం గోప్యతే. అదే నియమావళి సహోద్యోగుల పట్ల గౌరవాన్నీ, వృత్తిలో ఎదుగుదలనూ కూడా కోరుతుంది. మొదటి సూత్రం చదివి పుస్తకం మూసేసేవాళ్లు ఎక్కువ.

గోప్యత ఇబ్బంది నిజమైనదే, తేలిగ్గా కొట్టిపారేయలేం. ఊరు, పేరు తీసేసినా చిన్న జిల్లాలో మనిషి ఎవరో తెలిసిపోతుంది. అక్కడున్నది ఒక్క బధిరుల పాఠశాల, అందులో చదివినవాళ్లంతా ఒకరికొకరు ఎరుకే. అందుకని కేసు చెప్పేటప్పుడు మనిషి కథ చెప్పకూడదు, భారం ఎక్కడ పడిందో చెప్పాలి. వయసు, వ్యాధి, ఊరు మార్చినా చర్చకు నష్టం లేదు. అసలు క్లయింట్ల వీడియోలు మాత్రం చర్చకు వాడకూడదు. తయారుగా ఉన్న ఉపన్యాసాలు, నటించి తీసిన సన్నివేశాలు చాలు. వాట్సాప్ గ్రూపులో “ఈ సంజ్ఞ ఏమిటన్నా?” అంటూ రోగి వీడియో పెట్టడం మెంటరింగ్ కాదు, ద్రోహం.

ఇప్పుడు ‘తోటివారు’ అన్న మాట దగ్గరికి వద్దాం. సీనియర్ చెబితే జూనియర్ వినడం వేరు, సమానులు ఒకరినొకరు చూసుకోవడం వేరు. సమానుల పద్ధతికి మేలు ఎక్కువ: భయం తక్కువ, ఖర్చు తక్కువ, ఇద్దరూ నేర్చుకుంటారు. ప్రమాదమూ ఉంది. ఇద్దరికీ రానిది ఇద్దరూ కలిసి కూర్చున్నా రాదు. ఒకే కోర్సులో ఒకే తప్పు నేర్చుకున్నవాళ్లు ఆ తప్పును ఒకరికొకరు ఖాయం చేసుకుంటారు కూడా. ఇంకో సంగతి బయటికి చెప్పుకోరు గానీ, ఈ రంగంలో ఎక్కువమంది రోజు కూలికి పనిచేసేవాళ్లే. ఇవాళ నా లోపం చూసినవాడే రేపు నాతో అదే పనికి పోటీ పడతాడు. నర్సింగ్ రంగంలో 1980ల నుంచి నడుస్తున్న, సీనియర్లు కొత్తవాళ్లను నమిలేస్తారన్న చర్చను తీసుకుని వెస్టర్న్ ఓరెగాన్ విశ్వవిద్యాలయంలో 2012లో ఒక ఎం.ఏ. థీసిస్ వచ్చింది. ఇంటర్‌ప్రెటర్ల మధ్య కూడా వెనక గుసగుసలు, ఎత్తిపొడుపులు, పనులు దక్కకుండా చేయడం లాంటివి ఉన్నాయని అది చూపించింది. ఒకరికొకరు నమ్మకం లేని చోట మెంటరింగ్ పథకం పెడితే, చాడీలకు అధికారిక ముద్ర వేసినట్టే అవుతుంది.

అందుకే పద్ధతి ముఖ్యం. “బాగా చేశావు”, “అంత బాగాలేదు” అనే తీర్పుల వల్ల ఎవరికీ ఏమీ ఒరగదు. “డాక్టరు ‘పరగడుపున’ అన్నారు, నీ సంజ్ఞల్లో పొద్దున్నే అని వచ్చింది, ఏమీ తినకముందు అన్నది రాలేదు. అప్పుడు నీకు ఏం వినపడింది?” అని అడిగితే పని జరుగుతుంది. జాక్ హోజా 2010లో జట్టు ఇంటర్‌ప్రెటింగ్ మీద రాసిన పుస్తకం ఈ కోణంలో విలువైనది. ఇద్దరు ఇంటర్‌ప్రెటర్లు ఇరవై నిమిషాలకోసారి మారుతుంటే ఒకరు చేస్తున్నప్పుడు రెండోవాళ్లు కునుకు తీయకూడదని, ఇద్దరిదీ ఒకే పని అని ఆయన వాదం. పక్కన కూర్చున్నవాళ్లు జారిన అంకెను, పేరును అందిస్తారు. ఇదే అసలైన తోటివారి మెంటరింగ్ అని నా అభిప్రాయం. తప్పు జరిగిన నిమిషంలోనే, క్లయింటు నష్టపోకముందే దిద్దే మెంటరింగ్ ఇంకెక్కడా దొరకదు.

ఈ పథకాల ఫలితాల మీద వచ్చిన అధ్యయనాలు మాత్రం నన్ను తృప్తి పరచలేదు. చాలావరకు చిన్న గుంపులు, పాల్గొన్నవాళ్లు నింపిన ప్రశ్నావళులు. ఆత్మవిశ్వాసం పెరిగిందని, ఒంటరితనం తగ్గిందని అంటారు. నమ్ముతాను. కానీ తన నాణ్యత పడిపోవడం తనకే తెలియని వృత్తిలో “నాకు బాగుందనిపించింది” అన్న మాట ఎంతవరకు రుజువు? బధిర క్లయింటుకు అర్థమైందా లేదా అని కొలిచిన పని ఎక్కువగా జరగాలి.

అక్కడే బధిర మెంటర్ల ప్రశ్న వస్తుంది. వినికిడి ఉన్న ఇంటర్‌ప్రెటర్లు నలుగురు కూర్చుంటే సమాచారం జారిందా అని చూడగలరు. చెప్పిన తీరు బధిరుల కంటికి ఆనుతోందా, నాటు సంజ్ఞలు వాడే పెద్దాయనకు పట్టణపు సంజ్ఞలు తెలుస్తాయా అన్నది బధిరులే చెప్పాలి. అమెరికాలో సర్టిఫికెట్ పొందిన బధిర ఇంటర్‌ప్రెటర్లున్నారు. వినికిడి ఉన్న ఇంటర్‌ప్రెటర్‌తో జోడీగా కోర్టుల్లో, ఆసుపత్రుల్లో పనిచేస్తారు. బధిరులను అతిథిగా ఒక పూట పిలిచి, ఫొటో తీసుకుని పంపే మెంటరింగ్ పథకాలకు నేను సగం మార్కులు కూడా వేయను.

ఇక మన సంగతి. 2011 జనాభా లెక్కల్లో వినికిడి లోపం ఉన్నవాళ్లు 50 లక్షలకు పైగా తేలారు. అర్హత ఉన్న ఇంటర్‌ప్రెటర్లు ఆ లెక్క పక్కన పెట్టి చూడదగినంత మంది లేరు. ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం (ఐఎస్ఎల్ఆర్‌టీసీ) 2015లో వచ్చింది. ఇంటర్‌ప్రెటర్లకు డిప్లొమా ఉంది, సంజ్ఞా భాష బోధించాలనుకునే బధిరులకు వేరే డిప్లొమా ఉంది. 2018లో 3,000 పదాలతో మొదలైన నిఘంటువు 2021కి 10,000 పదాలకు చేరింది. మనకు దగ్గరి సంస్థ, ముంబయిలో 1983లో పెట్టిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది. ఉస్మానియా వైస్ చాన్సలర్‌గా పనిచేసిన హైదరాబాదీ పేరు మీద నడిచే సంస్థ కనుక, తెలుగు రాష్ట్రాల ఇంటర్‌ప్రెటర్లు అడిగే హక్కుతోనే అక్కడికి వెళ్లొచ్చు. కోర్సులున్నాయి, నిఘంటువుంది. కోర్సు అయ్యాక మొదటి రెండేళ్లు పక్కన నిలబడే మనిషి మాత్రం లేడు.

చట్టం పెట్టే బరువు మాత్రం పూర్తిగా ఉంది. మాట్లాడలేని సాక్షి వాంగ్మూలాన్ని ఇంటర్‌ప్రెటర్ లేదా ప్రత్యేక ఉపాధ్యాయుల సాయంతో నమోదు చేయాలని, వీడియో తీయాలని భారతీయ సాక్ష్య అధినియమం 125వ సెక్షన్ చెబుతుంది. పాత సాక్ష్య చట్టంలో 119వ సెక్షన్‌లో ఉన్నదే ఇది. 2020 పోక్సో నిబంధనల ప్రకారం ప్రతి జిల్లాలో బాలల పరిరక్షణ విభాగం ఇంటర్‌ప్రెటర్ల పేర్లతో రిజిస్టరు పెట్టుకోవాలి. అంటే నిన్న డిప్లొమా పట్టా తీసుకున్న అమ్మాయి రేపు అత్యాచార బాధితురాలైన బధిర బాలిక ముందు ఒంటరిగా కూర్చోవచ్చు. ఆ బాలికకు బడే తెలియదు, ఇంట్లో అమ్మతో వాడే నాలుగు సైగలే భాష. ఆ గది నుంచి బయటికి వచ్చాక ఈ అమ్మాయి ఎవరితో మాట్లాడాలి? ఎవరికీ చెప్పకూడదని నేర్పాం. ఎవరికి చెప్పొచ్చో నేర్పలేదు.

2023 సెప్టెంబరు 22న బధిర న్యాయవాది సారా సన్నీ కోసం సుప్రీంకోర్టు ఇంటర్‌ప్రెటర్‌ను అనుమతించింది. అక్టోబరులో కోర్టే ఒకరిని ఏర్పాటు చేసింది. గర్వించాల్సిన ఘట్టమే. సెప్టెంబరు విచారణలో ఇంటర్‌ప్రెటర్ వేగాన్ని సొలిసిటర్ జనరల్ మెచ్చుకున్నారు. అక్కడి పనిని తక్కువ చేయడానికి చెప్పడం లేదు గానీ, సంజ్ఞలు తెలియని మనం ఇంటర్‌ప్రెటర్ పనిలో చూడగలిగేది వేగమొక్కటే. అందుకే మెచ్చుకునేదీ దాన్నే. కోక్లీ లెక్క గుర్తున్నవాళ్లకు ఆ మెచ్చుకోలు కొంచెం కంగారు పుట్టిస్తుంది.

మన దగ్గర మొదలుపెట్టడానికి పెద్ద పథకం అక్కర్లేదు. ముగ్గురు నలుగురు ఇంటర్‌ప్రెటర్లు, వాళ్లతో సమానంగా గౌరవ వేతనం తీసుకునే ఇద్దరు బధిరులు, నెలకోసారి రెండు గంటలు, పేర్లు లేని ఒక్క కేసు చాలు. జిల్లా దూరమైతే వీడియో కాల్. గుంపులో జరిగింది గుంపులోనే ఉండాలన్న ఒప్పందం మాత్రం రాతపూర్వకంగా ఉండాలి.

దీనికి మించి కావాల్సింది ఇంటర్‌ప్రెటర్ల చేతిలో లేదు, పిలిచేవాళ్ల చేతిలో ఉంది. కోర్టు రిజిస్ట్రార్లకు, ఆసుపత్రి సూపరింటెండెంట్లకు, సభలు పెట్టే శాఖలకు నా విన్నపం ఒకటే. అరగంట దాటే పనికి ఇద్దరిని పిలవండి, ఇద్దరికీ పూర్తి డబ్బు ఇవ్వండి. పని ముగిశాక వాళ్లు కూర్చుని చర్చించుకునే గంటను కూడా బిల్లులో కలపనివ్వండి.